ఆరో కిటికీ ఖాళీ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. ఇందులో చచ్చిపోయినవాళ్లెవరూ తిరిగి రారు. చీకటి కూడా లేదు. జరిగినదంతా ధర్మవరంలో, మా ఇంటి పంచలో, పట్టపగలు జరిగింది.

నేను అనంతపురం పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాని భాగాలు కాగితం మీద రాసుకోవడం నా అలవాటు. ఈ సంగతిలోనూ అదే చేశాను. రాసుకున్న నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. నా ఇబ్బందంతా దానితోనే. రాసుకోకపోయి ఉంటే, ఏదో తప్పుగా గుర్తుందిలే అనుకుని వదిలేసేవాణ్ణి.

ముందు ఇంట్లోవాళ్ల గురించి చెప్పాలి. మాది పట్టు నేసే కుటుంబం. ఇంట్లో రెండు గుంత మగ్గాలు. ఒకటి మా నాయనది, ఒకటి పెద్దనాయనది. పెద్దనాయన పేరు నాగప్ప. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. నా మీద సగం హక్కు తమదేనని పెద్దమ్మ అందరి ముందూ అనేది, నేనూ కాదనలేదు.

నాకు నేత అబ్బలేదు. మగ్గం పైన బిగించే జాకార్డు యంత్రానికి అట్టలు కొట్టే పని చేసేవాణ్ణి. డిజైనును గ్రాఫు కాగితం మీద గళ్లుగా గీస్తాం. ఆ గళ్ల ప్రకారం అట్టకు బెజ్జాలు కొడతాం. బెజ్జం ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అంతే. అందులో మాయేమీ లేదు.

ఈ యంత్రాలు రాకముందు డిజైను నోటితో నడిచేది. ఒకరు పాత చీర ముందు పెట్టుకుని వరస వరసగా చదివేవారు. “మూడు ఎత్తు, ఐదు వదులు, ఒకటి ఎత్తు” అని. ఇంకొకరు ఆ లెక్కన మగ్గానికి దారాలు కట్టేవారు. మా వీధిలో ఆ చదివే పని పెద్దనాయనది. దానికొక కట్టుబాటు కూడా ఉండేది. డిజైను చెప్పినవాడే మొదటి జానెడు నేత కళ్లారా చూసి “సరే” అనాలి. ఆయన అననిదే రెండో జానెడు మొదలుపెట్టరు. యంత్రాలు వచ్చాక కూడా మా ఇంట్లో ఆ పద్ధతి పోలేదు.

డెబ్బై తొమ్మిది నుంచి పెద్దనాయన చూపు మసకబారింది. రెండు కళ్లకూ శుక్లాలు. ఎనభై ఒకటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. ఎదురుగా ఎవరైనా నిలబడితే నల్లగా ఏదో అడ్డం వచ్చినట్టుంటుందని చెప్పేవాడు. ఆయన మగ్గం మీద దుప్పటి కప్పేశాం. మాట తగ్గిపోయింది. పొద్దంతా పంచలో కూచుని నాయన మగ్గం చప్పుడు వినేవాడు. చప్పుడు తేడా వస్తే మాత్రం అక్కడినుంచే కేకేసేవాడు.

అంతకుముందు చలికాలం ఆయన్ని కళ్యాణదుర్గంలో కంటి శిబిరానికి తీసుకుపోయాను. డాక్టరు చూసి, ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది, శుక్లం ఇంకా ముదిరితే కష్టం, వచ్చే ఏడు దాటితే నేను మాట ఇవ్వలేను అన్నాడు. పెద్దనాయన ఆపరేషన్ బల్ల దాకా వచ్చాడు. అక్కడ కత్తెరలు ట్రేలో వేసిన చప్పుడు వినపడింది. తువ్వాలు భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, చూపున్నవాడిలా నన్నే బస్టాండుకు లాక్కుపోయాడు.

కాబట్టి ఆ ఏడు మా ఇంట్లో ఉన్న సమస్య ఒక్కటే. డిసెంబరులో శిబిరం మళ్లీ వచ్చేలోపు ఆయన్ని ఒప్పించాలి.

మే నెలలో మా బావ ఒక బొమ్మల పెట్టె తెచ్చాడు. ఆయన వజ్రకరూరు వైపు వజ్రాల కోసం నేల పరీక్షించేవాళ్లకు జీపు నడిపేవాడు. ఆ పని మీద వచ్చిన ఒక అమెరికా ఆయన తిరిగి పోతూ ఇచ్చాడట. “యంత్రాల పిచ్చోడివి, నువ్వే పెట్టుకో” అని నా చేతిలో పెట్టాడు.

నోటుబుక్కులో ఇలా ఉంది. పెట్టె ఒకటి, నల్లది. రెండు కళ్లకూ ఆనించుకుని, వెలుతురు వైపు తిరిగి చూడాలి. కరెంటు అక్కరలేదు. కుడిపక్కన మీట. లోపల పెట్టే గుండ్రటి అట్టబిళ్లలు మూడు. ఒక్కో బిళ్ల అంచు చుట్టూ చిన్న కిటికీలు పద్నాలుగు, ఒక్కో కిటికీలో గోరంత రంగు ఫిల్ము. ఎదురెదురు కిటికీలు రెండూ కలిసి ఒక బొమ్మ. ఒకటి ఎడమ కంటికి, ఒకటి కుడి కంటికి. రెంటినీ కొంచెం ఎడంగా తీస్తారు కాబట్టి, చూస్తే దగ్గరిదేదో దూరందేదో తెలుస్తుంది. బిళ్లకు ఏడు బొమ్మలు.

మొదటి బిళ్ల అమెరికా ప్రకృతి వింతలు. రెండోది జంతువుల పార్కు. మూడోది దారి పక్కన జనం ఆగి చూసే విచిత్రాలు: ఇంటెత్తు సిమెంటు జంతువు, సీసాలతో కట్టిన ఇల్లు, అలాంటివి.

ఒక నెలంతా మా పంచలో అదే పని. అన్నం తిన్నాక ఒక్కొక్కరూ అమెరికా పోయి వచ్చేవాళ్లం. ఎర్రటి పెద్ద లోయను చూసి పెద్దమ్మ పెదవి విరిచింది. “ఇంత దూరం పోవాల్నా? మన చిత్రావతి ఏరు ఎండితే ఇట్లే ఉంటాది.” మంచు ఎలుగుబంటిని చూసి మాత్రం చాలాసేపు పెట్టె దించలేదు. మా ఊళ్లో ఆ రోజుల్లో ఎండ ఎలా ఉండేదో తెలిసినవాళ్లకు ఎందుకో అర్థమవుతుంది.

మూడో బిళ్లలో ఒక షెడ్డు ఉంది. అందులో మనిషికంటే ఎత్తైన దారపు ఉండ. చుట్టూ జనం దాన్ని చూడటానికి వచ్చి నిలబడ్డారు.

“అంత దారం పెట్టుకోని నేసుకోకుండా చుట్టుకుంటా కూసున్నారా?” అంది పెద్దమ్మ.

“నేసేది రానోళ్లే వదినా, ఉండలు చుట్టేది,” అన్నాడు నాయన, నా వైపు చూస్తూ.

పెద్దనాయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. చెయ్యి చాపి పెట్టె అడిగాడు.

ఇక్కడినుంచి జాగ్రత్తగా చెప్పాలి. మొదటి బిళ్లకు నేను రాసుకున్న పట్టీ ఇది. ఒకటి, ఎర్ర లోయ. రెండు, జలపాతం. మూడు, మొదలులో కారు దూరేంత దారి కోసిన చెట్టు. నాలుగు, గుహ. ఐదు, రాళ్లయిపోయిన దుంగలు. ఆరు, ఖాళీ, ఎదురెదురు కిటికీలు రెంటిలోనూ ఫిల్ము లేదు, జిగురు మరక మాత్రం ఉంది. ఏడు, ఉప్పు చెరువు. కింద తేదీ, నా సంతకం. బిళ్ల కవరు మీద ఇంగ్లీషులో ఏడు పేర్లున్నాయి. ఆరోది వేడినీటి బుగ్గల దగ్గరి కాలిదారి. ఆ పేరు నేను పైకి చదివానో లేదో గుర్తులేదు. చదివాననే అనుకుందాం.

పెద్దనాయన పెట్టె కళ్లకు ఆనించుకుని, ఎండ వైపు తిరిగి, మీట నొక్కుకుంటూ పోయేవాడు. ఇది లోయ, ఇది జలపాతం అనేవాడు. అందులో వింతేమీ లేదు. మేమందరం నెలరోజులుగా పైకి చెప్పుకున్నవే. ఆయన మీట చప్పుళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

కానీ ఆరోదాని దగ్గర ఆగిపోయేవాడు. అక్కడ తెల్లటి వెలుతురు తప్ప ఏమీ ఉండదు. ఆయనకు కనపడేది వెలుతురొక్కటే కాబట్టి అది బాగుందేమో అనుకున్నాను. ఈ కారణం నాకు సరిపోయింది. ఒకరోజు మాత్రం, “ఆరోది ఖాళీ పెద్దనాయనా, ముందుకు నొక్కు,” అన్నాను.

“ఖాళీ యాడుండాదిరా సీనా? పొగ లేస్తాంటే!”

జులైలో పెద్దమ్మ శిబిరం మాటెత్తింది. ఆయన పెట్టె దించకుండానే జవాబు చెప్పాడు. “నాకేం తక్కువైందే? కూసున్నచోటే అమెరికా సూస్తాండా. కన్ను కోపిచ్చుకోని ఈ వీధి సూడల్నా?”

పెద్దమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆ పెట్టె ఆయన చేతికిచ్చింది నేను. దాన్ని దాచేద్దామా అని కూడా అనుకున్నాను. కానీ అది చేతిలో ఉన్నప్పుడే ఆయన మాట్లాడేవాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆయన్ని పరీక్షిద్దామనుకున్నాను. ఆరో బొమ్మలో ఏముందో చెప్పమన్నాను. “ఊరికే చెప్తే నువ్వు నమ్మవు. గ్రాఫు తీస్కో,” అన్నాడు. అడ్డం తొంభై ఆరు గళ్లు, నిలువు డెబ్బై రెండు చాలునని లెక్క కూడా ఆయనే చెప్పాడు. అడుగు వరస నుంచి మొదలుపెట్టాడు, నేతలో లాగానే. “పదకొండు వదులు, నాలుగు ఎత్తు, రెండు వదులు...” గొంతు మారిపోయింది. చిన్నప్పుడు మగ్గం పక్కన విన్న గొంతు అది.

రోజుకు పన్నెండు వరసలు, ఆరు రోజులు. ఏ బొమ్మ వస్తుందో గీసేవాడికి మధ్యలో తెలియదు. నేను చేసిందల్లా ప్రతి వరసా కూడి చూడటం. తొంభై ఆరు రావాలి, వచ్చింది. ఒక్క వరసలో రెండు తగ్గాయి. చెప్పాను. ఆయన పెట్టె మళ్లీ పైకెత్తి చూసి, “కొసకు కట్టె ఉండాది, మర్సిపోయినా. రెండు ఎత్తు,” అన్నాడు.

రెండో రోజు, పద్నాలుగో వరసలో, అరవై గళ్లు చెప్పాక ఆగాడు.

“ఎవుడో అడ్డం నిలబడినాడు. ఉండు, పోనీ.”

పెరటి వైపు చూశాను. ఎవరైనా ఎండకు అడ్డం వచ్చి ఉంటారని. ఎవరూ లేరు. పెరట్లో ఆరేసిన పట్టు కండెలు తప్ప ఏమీ లేవు. పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయన తాగాడు. మళ్లీ చూశాడు. “ఇంగా ఆడనే ఉండాడు.” ఇంకాసేపు కూచున్నాం.

“బొమ్మలో మనిషి ఎట్ల పోతాడు పెద్దనాయనా?” అన్నాను నవ్వుతూ.

“పోకుండా ఆడనే ఉంటాడా? వానికేమి పనీ పాటా ల్యా?”

ఇరవై నిమిషాల తర్వాత, “పోయినాడు. రాసుకో, ఒకటి వదులు, ఒకటి ఎత్తు,” అని మిగతా వరస చెప్పాడు. గ్రాఫు పక్కన పెన్సిలుతో రాసుకున్నాను: వరస 14, గడి 60 తర్వాత ఆపాడు, ఎవరో అడ్డం అన్నాడు, పెరట్లో ఎవరూ లేరు, ఇరవై నిమిషాలు.

ఆరో రోజు గ్రాఫును గోడకు ఆనించి, దూరం పోయి చూశాను. పలకలు పరిచిన ఒక కాలిదారి ముందుకు పోయి కుడివైపు తిరిగింది. దాని ఎడమపక్క కమ్మీ, కమ్మీకి ఏడు గుంజలు, ఐదోది ఒరిగింది. ఆవల బోసి నేల. నేలలోంచి ఒక పొగ స్తంభం లేచి, ఎడమకు వాలి, పైన రెండుగా చీలింది. దూరంగా మూడు ఎండు చెట్లు. దారి మలుపు దగ్గర చిన్న బల్ల, రెండు కాళ్లతో.

నాకు ఒళ్లు జలదరించలేదు. ముసలాయన బుర్రలో ఇంత ఉందా అని మాత్రం అనిపించింది. మిగతా బొమ్మల గురించి విన్న ముక్కలన్నీ కలిపి ఒకటి అల్లుకున్నాడని తేల్చుకున్నాను. మేం పలకల దారి గురించి ఎప్పుడు మాట్లాడామో గుర్తు రాలేదు. అదీ రాసుకున్నాను.

ఆ గ్రాఫే మాకు దారి చూపించింది. నేను అట్టలు కొడతాను, నాయన మొదటి జానెడు నేస్తాడు. డిజైను చెప్పింది పెద్దనాయన కాబట్టి ఆయన కళ్లతో చూసి “సరే” అనాలి. చూడలేనివాడు ఎలా అంటాడు? ఈ మాట నాయన చేతే చెప్పించాను.

“నువ్వు సరే అనంది నేను రెండో జానెడు నేసేదిల్యాన్నా. కట్టుబాటు నీదే.”

పెద్దనాయన పెట్టె దించి పక్కన పెట్టాడు. తర్వాత, “బస్సు ఎన్ని గంటలకు?” అన్నాడు.

డిసెంబరులో కుడి కన్ను ఆపరేషన్ అయింది. నెలన్నరకు లావుపాటి అద్దాలు వచ్చాయి. అద్దాలు పెట్టుకుని ఇంట్లోకి వచ్చి మొదట పెద్దమ్మను చూశాడు.

“ఇంత ముసలిదానివి అయినావని ఒక్కరూ చెప్పల్యా నాకు.”

“నీకు సూపు లేనన్నాళ్లూ బాగనే ఉంటిని,” అంది పెద్దమ్మ. ఏడుస్తూనే అంది.

ఈలోగా నాయన మొదటి జానెడు నేసి పెట్టాడు. అంటే అడుగు నుంచి నలభయ్యో వరస దాకా. బల్ల అంతా వచ్చింది, కమ్మీ వచ్చింది, పొగ మొదలు వచ్చింది. పెద్దనాయన గుడ్డను ఎండలో పట్టుకుని చూశాడు. బొమ్మతో పోల్చాలి, పెట్టె తెమ్మన్నాడు. నేను తెచ్చిచ్చాను. అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది.

మీట ఐదుసార్లు నొక్కాడు. ఆగాడు. ఇంకో రెండు నొక్కి మొదటికొచ్చి, మళ్లీ లెక్కపెట్టుకుంటూ ఐదు నొక్కాడు. బిళ్లను బయటికి తీసి, ఎండకు పెట్టి, ఖాళీ కిటికీలోంచి నన్ను చూశాడు.

“పీకేసినావా?”

లేదన్నాను. మొదటినుంచీ ఖాళీయేనన్నాను. పెద్దమ్మ చెప్పింది, నాయన చెప్పాడు. అందరూ కలిసి ఆడుతున్నారన్నాడు. నోటుబుక్కు తెచ్చి తేదీ చూపించాను. “రాసేది నువ్వే, తేదీ ఏసేది నువ్వే,” అన్నాడు. ఆయన లెక్కలో జరిగింది ఇది: ఆయన పెట్టె వదిలి కళ్లు బాగుచేయించుకోవాలని నేను ఫిల్ము తీసేశాను. ఆ లెక్కలో తప్పు పట్టుకోలేకపోయాను. నేను ఆయన్ని యుక్తితోనే బస్సు ఎక్కించాను కదా.

ఆ జానెడు గుడ్డను మగ్గం నుంచి కోయించి ట్రంకులో పెట్టాడు. సరే అనలేదు. కాదు అనీ అనలేదు. నన్ను సీనా అని పిలవడం మానేశాడు. ఏదైనా కావాలంటే “మీవాడికి చెప్పు” అని పెద్దమ్మతో చెప్పించేవాడు. మరుసటి ఏడు రెండో కన్ను కూడా చేయించుకున్నాడు, తోడుగా నాయనను తీసుకుపోయాడు. మగ్గం మీది దుప్పటి తీశాడు. మామూలు అంచు చీరలు నేశాడు. ఆయన చూపు తిరిగొచ్చింది, నా మీద నమ్మకం పోయింది. నాలుగేళ్లు ఒకే పంచలో అలా గడిచింది.

ఎనభై ఆరులో జాకార్డు సూదుల కోసం బెంగుళూరు పోయాను. రోడ్డు పక్క పాత సామాన్లు అమ్మే ఒకతని దగ్గర, పుస్తకాల మధ్య, అలాంటి అట్టబిళ్లల కవర్లు కనపడ్డాయి. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. మా మొదటి బిళ్ల నడుమ అచ్చువేసిన నంబరు నాకు కంఠస్థం. ఆ నంబరు దొరికింది. ఎండకు పెట్టి చూస్తే పద్నాలుగు కిటికీలూ నిండుగా ఉన్నాయి.

ఆరోదాన్ని అక్కడే, కంటికి ఆనించి చూశాను. గోరంత ఫిల్ములో పలకల దారి, కమ్మీ, పొగ. పొగ ఎడమకు వాలి ఉంది. అమ్మేవాడు అడిగినంత ఇచ్చి బిళ్ల తీసుకున్నాను. సూదులు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చాను.

పెద్దనాయన పంచలో పోగులు అతుకుతున్నాడు. ఏమీ చెప్పకుండా బిళ్లను పెట్టెలో వేసి, పెట్టె ఆయన ముందు పెట్టాను. చేతిలో ఉన్న పోగు అతికేదాకా ముట్టుకోలేదు. తర్వాత చేతులు తుడుచుకుని, అద్దాల మీదే ఆనించుకుని, మీట నొక్కాడు. ఐదుసార్లు.

మేం ముగ్గురం నిలబడి ఆయన నోటి వైపు చూస్తున్నాం. ఆయన నవ్వాడు.

“అరే, వీడు మల్లా వచ్చి నిలబడినాడే!”

ఎవరని పెద్దమ్మ అడిగింది. “వాడేనే. ఆ పొద్దు అడ్డమొచ్చినోడు. మజ్జిగ తాగినాము సూడు.”

పెట్టె నా చేతికిచ్చాడు. బెంగుళూరులో నేను దారినీ పొగనూ చూశాను. మనిషిని పట్టించుకోలేదు. చూడ్డానికొచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు కదా. ఉన్నాడు ఒకడు. దారి మలుపులో, గోధుమరంగు కోటు వేసుకుని, మనకు వీపు పెట్టి.

పెద్దనాయన లోపలికి పోయి ట్రంకు తెరిచి ఆ జానెడు గుడ్డ తెచ్చాడు. ఎండలో పట్టుకుని వేలితో అడుగు నుంచి పైదాకా వరస వరసగా తడిమాడు. నాయనకు అందించాడు.

“సరే,” అన్నాడు. “ఇంగ నేసుకోండి. రే సీనా, అట్టలు ఉండాయా, పారేసినావా?”

పారేయలేదు.

ఆ రాత్రి గ్రాఫూ నోటుబుక్కూ ముందేసుకున్నాను. మర్నాడు వెలుతురు రాగానే పోల్చడం మొదలుపెట్టాను. బొమ్మను అడ్డం తొంభై ఆరుగా, నిలువు డెబ్బై రెండుగా భాగించుకున్నాను. కమ్మీ గుంజలు ఏడు. ఐదోది ఒరిగింది. పొగ చీలింది గ్రాఫులో ఏ వరసలోనో బొమ్మలోనూ అదే ఎత్తులో. చెట్లు మూడు. తేడా ఒక్కటే. బొమ్మలో మనిషి అరవై ఒకటో గడి నుంచి అరవై ఆరు దాకా ఉన్నాడు. అతని కాళ్లు పద్నాలుగో వరసలో మొదలవుతాయి. గ్రాఫులో అక్కడ మనిషి లేడు. బల్ల ఉంది.

ఇది తప్పని తేల్చేయవచ్చు. బొమ్మలో బల్ల లేదు, కాబట్టి పెద్దనాయన ఒకటి కల్పించాడు అని. అలా అనుకుని ఉంటే ఈ పాటికి నిద్ర పట్టేది. కానీ నేను చెప్పాను కదా, ఈ బిళ్లలో ప్రతి బొమ్మా రెండు ఫిల్ములు, కొంచెం ఎడంగా తీసినవి. ఎడమ ఫిల్ములో మనిషి వెనక దాగిన చోటు కుడి ఫిల్ములో వెంట్రుకవాసి బయటపడుతుంది. పోగులు లెక్కపెట్టే అద్దం పెట్టి కుడి ఫిల్మును చూశాను. కోటు అంచు పక్కన, మోకాలి కింద, సన్నటి నిలువు గీత ఉంది. చెక్క రంగు. నేలకు ఆనింది. అది బల్ల కాలు అనే అనుకుంటున్నాను. నాయనకు చూపించాను. “కాలే,” అన్నాడు. గ్రాఫులో రెండో కాలు ఉన్నది అరవై ఆరో గడిలో.

నాకు తోచినవన్నీ రాసుకున్నాను. ఒకటి, కవరు మీది పేరు విని ఊహించాడు. పేరులో గుంజల లెక్క లేదు, ఒరిగిన గుంజ లేదు. రెండు, ఇదే బొమ్మను చూపున్నప్పుడు ఇంకెక్కడో చూశాడు. ఆయన జీవితంలో ధర్మవరం దాటి పోయింది గుత్తి, అనంతపురం, కళ్యాణదుర్గం. అయినా చూశాడనే అనుకుందాం. ఆ బొమ్మలోనైనా మనిషి పక్కకు తప్పుకోడు. మూడు, నేనే గ్రాఫును తర్వాత దిద్దాను. నేత మొదటి జానెడు నాలుగేళ్లు ట్రంకులో ఉంది, బల్ల అందులో ఉంది. నాలుగోది నాకు దొరకలేదు.

పెద్దనాయననే అడిగాను, ఎలా చూశావని. ఆయన పోగు పళ్లతో తెంపి, “నువ్వు పెట్టె ఇచ్చినావు, నేను సూసినా. సూసేదానికి ఇచ్చి, ఎట్ల సూసినావంటే ఎట్లప్పా?” అన్నాడు. ఆయనకు అందులో అడగాల్సిందేమీ కనపడదు. నేను ఫిల్ము పీకలేదని తేలింది, అంతవరకే ఆయనకు కావాలి.

నాయన మళ్లీ అడుగు నుంచి మొదలుపెట్టి కొంగంతా నేశాడు, అదే బొమ్మ తిరిగి తిరిగి వచ్చేటట్టు. చీర పెద్దమ్మ కట్టుకుంది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు కొంగు పట్టుకుని ఇది ఏ ఊరి ధ్వజస్తంభం అని అడుగుతారు. అమెరికా అంటుంది. ఆ కొంగులో బల్ల ఖాళీగా ఉంటుంది.

ఇది రాస్తున్నది ఎనభై ఏడులో. పెట్టె నా బల్ల మీదే ఉంది. పని మధ్యలో లేచి, వెలుతురు వైపు తిరిగి, ఐదుసార్లు మీట నొక్కుతాను. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుని ఇరవై నిమిషాలు కూచున్న రోజులూ ఉన్నాయి. నేను చూసినప్పుడల్లా అతను అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక్కసారి కూడా పక్కకు జరగలేదు.